నారుమడికి చిన్న జియోడెసిక్ గుమ్మటం: చవకగా కట్టడానికి ఏ పైపు, ఏ కొలతలు?

పెరటితోట, అనంతపురం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి స్థలంలో టమోటా, వంగ, మిరప నారు పోసుకుంటున్నాను. నిరుడు ఎండకు అడ్డంగా నాలుగు సరుగుడు కర్రలు పాతి, పైన ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టాను. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో తెలిసిన వారికి మా ఆషాఢపు గాలి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక రాత్రి ఆ పందిరిని కర్రలతో సహా ఎత్తి పక్కవారి ప్రహరీ మీద పడేసింది. అందుకని ఈసారి త్రిభుజాలతో కూర్చే జియోడెసిక్ గుమ్మటం కట్టాలని అనుకుంటున్నాను. వ్యాసం 12 అడుగులు ఉంటే లోపల నిలబడి పని చేసుకోవచ్చని నా ఆలోచన.

ఖర్చు మొత్తం పది వేల రూపాయలు దాటకూడదు. కరెంటు పనికి వాడే పి.వి.సి. పైపు, ఇనుప పైపు, వెదురు, ఈ మూడింటిలో ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాను. ముక్కలను కలపడానికి దొరికే రెడీమేడ్ జాయింట్ల ధర అడిగితే పైపుల ధర కంటే ఎక్కువగా ఉంది. అవి లేకుండా కలిపే పద్ధతి ఉందా? ఏ ముక్క ఎంత పొడవు ఉండాలో ఎలా లెక్క వేస్తారు? తలుపు ఎక్కడ పెట్టాలి? స్వయంగా కట్టిన అనుభవం ఉన్నవారు చెబితే మేలు.

వర్క్‌షాపు, కర్నూలు:

పెరటితోట గారూ, 12 అడుగుల కొలతను కాసేపు పక్కన పెట్టండి. నేల వెడల్పు ముందు అనుకొని ఆ తర్వాత పైపులు కొనేవారు మూడో వంతు పైపును తుక్కు కింద అమ్ముకుంటారు. పైపు పొడవు ఎంతో ముందు చూసి, అందులోంచి ముక్కలు వృథా లేకుండా వచ్చే వ్యాసార్ధాన్ని ఎంచుకోవాలి.

మీకు పనికివచ్చేది రెండే రెండు పొడవుల ముక్కలతో తయారయ్యే రకం. దీన్ని టూ-వీ అంటారు. అందులో పొడవు ముక్కలు 35, పొట్టి ముక్కలు 30, అన్నీ కలిపి 65. అవి కలిసే కూడళ్ళు 26. పొడవు ముక్క కొలత వ్యాసార్ధానికి 0.618 రెట్లు, పొట్టి ముక్కది 0.5465 రెట్లు. ఈ కొలతలు ముక్క ఒక చివరి రంధ్రం మధ్య నుంచి రెండో చివరి రంధ్రం మధ్యకు తీసుకోవలసినవి. రంధ్రం అవతల ఇరువైపులా రెండేసి సెంటీమీటర్లు వదలాలి కనుక కోసేటప్పుడు 4 సెం.మీ. కలుపుకోవాలి.

ఇప్పుడు మీ 12 అడుగుల లెక్క చూడండి. వ్యాసార్ధం 1.83 మీటర్లు. పొడవు ముక్క కోత 1.17 మీటర్లు, పొట్టిది 1.04 మీటర్లు. 3 మీటర్ల పైపులో ఏ రకం అయినా రెండు ముక్కలే వస్తాయి. మొత్తం 33 పైపులు కావాలి, అందులో సుమారు 27 మీటర్లు వృథా. అదే వ్యాసార్ధాన్ని 1.5 మీటర్లకు తగ్గిస్తే పొడవు ముక్క రంధ్రాల మధ్య 927 మి.మీ., కోత 967 మి.మీ. అవుతుంది, పొట్టి ముక్క 820, కోత 860. ఇప్పుడు ఒక్కో పైపులో మూడేసి ముక్కలు వస్తాయి. పొడవు వాటికి 12 పైపులు, పొట్టి వాటికి 10 పైపులు, మొత్తం 22. ఆరు మీటర్ల పైపు కొంటే 11 చాలు. రెండడుగుల వ్యాసం తగ్గినందుకు పైపుల ఖర్చులో మూడో వంతు మిగులుతుంది. ఎత్తు మాత్రం నడిమధ్యన ఐదడుగులే ఉంటుంది కాబట్టి, గుమ్మటాన్ని నేల మీద కాకుండా రెండడుగుల గోడ మీద కూర్చోబెట్టాలి.

ఇక సామాను సంగతి. నేను మొదటిసారి 25 మి.మీ. పి.వి.సి. కండ్యూట్‌తోనే కట్టాను. చివరలను హీట్ గన్‌తో మెత్తబరచి, రెండు చెక్కల మధ్య నొక్కి, రంధ్రాలు వేసి బోల్టులతో బిగించాను. జనవరిలో ముచ్చటగా నిలబడింది. ఏప్రిల్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, నడినెత్తిన ఐదు ముక్కలు కలిసే కూడలి లోపలికి కుంగి, గుమ్మటం నెత్తిన గిన్నె బోర్లించడానికి బదులు వెల్లకిలా పెట్టినట్టు తయారైంది. ఎండకు మెత్తబడిన పైపు వంగితే ఆ కూడలి ఒక్క ఉదుటున లోపలికి తిరగబడుతుంది. పైకి నెట్టి సరిచేశాను, మళ్ళీ కుంగింది. ఏడాది తిరిగేసరికి పైపులు ఎండకు పెళుసెక్కి, బోల్టు దగ్గర చీలాయి. పిల్లలు ఆడుకోవడానికి నాలుగు రోజులు కట్టేదైతే పి.వి.సి. చాలు. మీ అనంతపురం ఎండలో ఏడాది పొడవునా ఉంచవలసిన దానికి జింకు పూత వేసిన ఇనుప పైపే (జి.ఐ. పైపు) కొనండి. 25 మి.మీ. బయటి వ్యాసం, 1.6 మి.మీ. మందం సరిపోతుంది. మొత్తం బరువు సుమారు 55 కిలోలు వస్తుంది.

జాయింట్లు కొనే పనే లేదు. ప్రతి ముక్క చివర 5 సెం.మీ. మేర బెంచి వైసులో నొక్కి బల్లపరుపుగా చేయండి. వైసు లేకపోతే రైలు పట్టా ముక్క మీద పెట్టి సమ్మెటతో కొట్టినా వస్తుంది. రెండు చివరలూ ఒకే తలంలో చదునుగా ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా నొక్కుకుపోయిందంటే ఆ ముక్క పనికిరాదు. ఆ తర్వాత చివరి నుంచి 2 సెం.మీ. దూరంలో 8.5 మి.మీ. రంధ్రం వేసి, చదును మొదలయ్యే చోట వంచాలి. పొడవు ముక్కలకు ఒక్కో చివర 18 డిగ్రీలు, పొట్టి ముక్కలకు 16 డిగ్రీలు. కూడలిలో ఆరు చివరలు ఒకదాని మీద ఒకటి పేర్చితే 19 మి.మీ. మందం వస్తుంది కనుక 8 మి.మీ. లావు, 40 మి.మీ. పొడవు గల బోల్టులు 26 తెచ్చుకోండి. నొక్కిన చోట జింకు పూత పగులుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. బిగించే ముందు ఆ చివరలకు ప్రైమరు వేయడం మరవకండి.

టేపు పట్టి ఒక్కో ముక్కకు గుర్తు పెట్టుకుంటూ పోకండి. ఒక మందపాటి పలకలో 8 మి.మీ. బోల్టు దిగ్గొట్టి, దానికి సరిగ్గా 927 మి.మీ. దూరంలో రంధ్రం వేసి, దాన్ని అచ్చుగా వాడుకోండి. ముక్క మొదటి రంధ్రాన్ని బోల్టుకు తొడిగి, రెండో రంధ్రాన్ని అచ్చు చూపిన చోట వేయడమే. పొట్టి ముక్కలకు 820 మి.మీ. దగ్గర మరో అచ్చు. కోత ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పరవాలేదు గానీ, రంధ్రాల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే చివరి వరుసలో బోల్టు దూరదు.

లెక్కల మాస్టారు, తెనాలి:

వర్క్‌షాపు వారు చెప్పిన గుణకాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుంటే అమర్చేటప్పుడు తికమక ఉండదు. ఇరవై సమబాహు త్రిభుజాలతో ఏర్పడే ఘనాన్ని తీసుకోండి. ఒక్కో త్రిభుజం భుజాల మధ్యబిందువులను కలిపితే అది నాలుగు చిన్న త్రిభుజాలు అవుతుంది. ఆ మధ్యబిందువులను గోళం ఉపరితలం మీదికి వచ్చేదాకా బయటికి లాగామనుకోండి. అప్పుడు నడిమి చిన్న త్రిభుజం భుజాలు కొంచెం ఎక్కువ సాగుతాయి, మూలల దగ్గరివి తక్కువ సాగుతాయి. రెండు పొడవులు రావడానికి కారణం అదే. సగం గోళానికి 40 త్రిభుజాలు వస్తాయి: మూడు భుజాలూ పొడవైనవి 10, ఒక పొడవు భుజం, రెండు పొట్టి భుజాలు ఉన్నవి 30.

0.618 అనేది వృత్తంలో ఇమిడే దశభుజి భుజం కొలత, అంటే స్వర్ణ నిష్పత్తి 1.618కి విలోమం. మీ గుమ్మటం అడుగు భాగం సరిగ్గా అలాంటి దశభుజే కనుక నేల మీద బల్లపరుపుగా కూర్చుంటుంది. ఇంకా నునుపుగా కనిపించాలని త్రీ-వీ జోలికి వెళితే మూడు పొడవులు, సగం కంటే కొంచెం ఎక్కువ గోళానికి 165 ముక్కలు, 61 కూడళ్ళు అవుతాయి. పైగా అడుగు పూర్తిగా సమతలంగా రాదు. మూడు మీటర్ల నారుమడికి అంత శ్రమ దండగ.

ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. ఐదు ముక్కలు కలిసే కూడలి నుంచి బయలుదేరేవన్నీ పొట్టివే, మిగిలినవన్నీ పొడవైనవే. అటువంటి కూడళ్ళు ఆరు: నడినెత్తిన ఒకటి, చుట్టూ ఐదు. ఆరైదుల ముప్పై, పొట్టి ముక్కల లెక్క సరిపోయింది కదా. ఆరు ముక్కల కూడళ్ళు పది, నేల మీద నాలుగు ముక్కల కూడళ్ళు పది.

ఇనుము కోసే ముందు పదో వంతు నమూనా ఒకటి చేయమని నా సలహా. కొబ్బరి చీపురు ఈనెలను 93 మి.మీ., 82 మి.మీ. ముక్కలుగా కోసి, పొడవు వాటికి కుంకుమ, పొట్టి వాటికి పసుపు అద్దండి. కలపడానికి సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు చాలు. ఒక ముక్కను ముల్లుతో అడ్డంగా గుచ్చి, అందులో ఇంకొకటి, వాటిలో మూడోది దూర్చితే ఆరు చివరల కూడలి తయారవుతుంది. అగ్గిపుల్లలు, వాల్వు ట్యూబులతో బడిపిల్లలకు జ్యామితి నేర్పే ఈ పద్ధతిని అరవింద్ గుప్తా గారు దేశమంతటా ప్రచారం చేశారు. మా బడిలో ఏటా ఎనిమిదో తరగతి వారి చేత చేయించేవాడిని. ఒక్క పూటలో అయిపోతుంది.

ఇటువంటి కూర్పును 1920లలో జర్మనీలోని యేనాలో, జైస్ సంస్థ నక్షత్రశాల కోసం వాల్టర్ బావర్స్‌ఫెల్ట్ మొదట కట్టారు. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1954లో పేటెంటు తీసుకొని ప్రపంచానికి పరిచయం చేశారు. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, మీ పెరట్లో కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

వెదురుపని, రంపచోడవరం:

వెదురు గురించి కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. లోపల గుల్ల తక్కువగా ఉండే సన్నని గట్టి వెదురు అయితేనే ఈ పనికి పనికివస్తుంది. వానలు వెనకబట్టాక, చలికాలంలో నరికినదే తీసుకోవాలి. అప్పుడు కాండంలో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది, పుచ్చు త్వరగా పట్టదు. నరికిన తర్వాత రెండు మూడు వారాలు నీటిలో నానవేయాలి, లేదా బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ఊరవేయాలి.

ఇనుప పైపుకు వేసినట్టు చివర రంధ్రం వేసి బోల్టు బిగిస్తే వెదురు నిలువునా చీలుతుంది. కణుపు చివరకు దగ్గరగా వచ్చేలా కోసి, రంధ్రానికి ఇరువైపులా బైండింగ్ వైరు బిగించి చుట్టాలి. 65 ముక్కలకు 130 చివరలు, అన్నింటికీ కణుపు అనుకున్న చోట రాదు. మా వైపు వెదురు చవక, చేతిపని మాకు అలవాటు, అయినా నేను గుమ్మటానికి వెదురు వాడితే మూడో ఏడు సగం ముక్కలు మార్చవలసి వచ్చింది. మీ ఊళ్ళో వెదురు కొని, మనిషిని పెట్టి చేయించుకుంటే ఇనుము కంటే చవక కాకపోవచ్చు.

సూటిమాట, సూర్యాపేట:

నా ప్రశ్న వేరు. అసలు గుమ్మటం దేనికి? అదే 22 పైపులతో చదరపు పందిరి వేసి, మూలల్లో ఏటవాలు కడ్డీలు బిగిస్తే గాలికి నిలబడదా? మీ పాత పందిరి ఎగిరిపోవడానికి కారణం ఆకారం కాదు, కర్రలకు ఏటవాలు కట్టు లేకపోవడమూ, లోతుగా పాతకపోవడమూ. గుమ్మటంలో గోడ పక్కన నడుము వంచకుండా నిలబడలేరు, నారు ట్రేలు గుండ్రటి గోడకు ఆనుకొని కుదురుగా కూర్చోవు. మూడు మీటర్ల వెడల్పు షేడ్‌నెట్టును చదరపు పందిరికి కత్తెర వేయకుండా పరచవచ్చు. గుమ్మటానికి ముక్కలు ముక్కలుగా కోయాలి. ముచ్చట పడి కట్టుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు, చవక అని మాత్రం అనకండి.

వర్క్‌షాపు, కర్నూలు:

సూటిమాట గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. సరిగా కట్టిన చదరపు పందిరి కూడా నిలబడుతుంది. అయితే దానికి నిలువు స్తంభాలు లావుగా ఉండాలి, వంపును అవే భరించాలి. గుమ్మటంలో బరువు ముక్కల నిడివి వెంట నెట్టుడుగానో లాగుడుగానో పోతుంది, అందుకే 25 మి.మీ. సన్న పైపు చాలుతోంది. షేడ్‌నెట్టు విషయంలో ఆయన మాట ఒప్పుకుంటాను. గుమ్మటం పైభాగం లెక్కకు 13 చదరపు మీటర్లు, కొనవలసింది మాత్రం 20. ఐదు పొట్టి ముక్కల కూడలి చుట్టూ ఏర్పడే ఒక్కో పంచభుజికి ఒక ముక్క చొప్పున కత్తిరించి, మిగిలిన తునకల నుంచి పది సమబాహు త్రిభుజాలు తీస్తే కుట్లు తగ్గుతాయి.

గాలికి ఎగరడం ఆకారంతో ఆగదు. నిజానికి గుమ్మటం నెత్తి మీదుగా గాలి వీచినప్పుడు దాన్ని పైకి లాగుతుంది. 55 కిలోల ఇనుము మీ గాలికి ఒక లెక్క కాదు. నెట్టు అయితే గాలిని కొంత లోపలికి వదులుతుంది. పాలిథీన్ కాగితం కప్పితే మాత్రం పది కూడళ్ళూ నేలకు గట్టిగా పట్టి ఉండాలి.

పెరటితోట, అనంతపురం:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్టు ఈనెలతో నమూనా చేశాను. మా అమ్మాయి, నేను కలిసి కూర్చున్నాం. మొదటి ప్రయత్నంలో ఒక పక్క పంచభుజిలో పసుపు ఈనెలకు బదులు కుంకుమ ఈనెలు ఐదు పెట్టేశాం. అక్కడ మాత్రం గుమ్మటం మొగ్గలా బయటికి పొడుచుకు వచ్చింది, మిగతాదంతా గుండ్రంగానే ఉంది. పదకొండు మిల్లీమీటర్ల తేడా అంత పని చేస్తుందని చేతితో చూస్తే గానీ నమ్మలేకపోయాను. రెండోసారి సరిగ్గా వచ్చింది. మధ్యలో ఒక్క కుంకుమ ఈనె తీసి నొక్కి చూశాను, ఆ పక్క వెంటనే మెత్తబడింది. కాబట్టి తలుపు కోసం ఏదో ఒక ముక్క తీసేయవచ్చన్న నా ఆలోచన మానుకున్నాను.

1.5 మీటర్ల వ్యాసార్ధమే ఖాయం చేశాను. రెండడుగుల గోడ కట్టాలంటే ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి కలిసి నా లెక్క దాటుతోంది. మా వైపు పొలం కంచెలకు పాతే రాతి కూసాలు పాతవి కొన్ని మా వద్ద ఉన్నాయి. గోడకు బదులు పది కూడళ్ళ కింద పది కూసాలు, రెండడుగులు నేలలో, రెండడుగులు పైన ఉండేలా పాతితే సరిపోతుందా? గాలికి బరువు కూడా అవే ఇస్తాయని ఆశ. తలుపు ఎక్కడ పెట్టాలో చెప్పండి.

వర్క్‌షాపు, కర్నూలు:

కూసాల ఆలోచన నాకు రాలేదు, గోడ కంటే బాగుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ముందు కూసాలు పాతి తర్వాత పైపులు అమర్చాలని చూస్తే ఒక్కటీ కలవదు. అడుగు దశభుజి పది ముక్కలను నేల మీద పరచి బోల్టులు వదులుగా బిగించండి. ఎదురెదురు మూలల మధ్య దూరం ఐదు చోట్లా సరిగ్గా 3 మీటర్లు వచ్చేదాకా సర్దండి. అప్పుడు ఒక్కో బోల్టు కింద సున్నంతో గుర్తు పెట్టి గుంటలు తీయండి. కూసాల తలలను మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో ఒకే మట్టానికి తెచ్చిన తర్వాతే గుంటలు కాంక్రీటుతో పూడ్చండి. రాతి తలకు నేరుగా బోల్టు దింపకుండా, నాలుగు సెంటీమీటర్ల పొడవాటి గాడి ఉన్న ఇనుప పట్టీని ఆంకర్ బోల్టుతో బిగించి, ఆ గాడిలో కూడలి బోల్టును పట్టించండి. రాయి ఒకటి రెండు సెంటీమీటర్లు పక్కకు జరిగినా పట్టీ సర్దుకుంటుంది.

తలుపుకు అనువైనది పక్కనున్న ఐదు పంచభుజులలో ఒకటి. దాని నడిమి కూడలిని, అందులోంచి వచ్చే ఐదు పొట్టి ముక్కలను అమర్చకుండా వదిలేయండి. అడుగున 93 సెం.మీ. వెడల్పు, గుమ్మటం అడుగు నుంచి 1.28 మీటర్ల ఎత్తు గల ద్వారం వస్తుంది. కూసాల రెండడుగులు కలిపితే సుమారు 1.9 మీటర్లు, కొద్దిగా తల వంచితే లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆ చోట అడుగు ముక్కను కూడా తీసేయాలి కనుక, ఆ రెండు కూసాలను మిగతావాటి కంటే అర అడుగు లోతుగా పాతండి. ఈ ఆరు ముక్కలు పోయిన బలం తిరిగి రావడానికి పంచభుజి లోపల ఎల్-యాంగిల్‌తో ఒక చట్రం వెల్డింగు చేయించి, మిగిలిన ఐదు మూలలకూ బోల్టు వేయించండి. గాలి వచ్చే నైరుతి వైపు కాకుండా ఈశాన్యం వైపు ద్వారం ఉంచుకోండి.

బోల్టులన్నీ చివరి ముక్క అమరేదాకా వదులుగానే ఉంచాలి. చివరి రెండు మూడు ముక్కల దగ్గర రంధ్రాలు ఎదురుపడకపోతే సుత్తి తీయకండి. పక్క కూడళ్ళు ఇంకొంచెం వదులు చేసి, రంధ్రాల్లో స్క్రూడ్రైవరు దూర్చి పక్కకు వంచితే కలుస్తాయి. అప్పటికీ అర సెంటీమీటరు తేడా ఉంటే ఎక్కడో పొడవు ముక్క, పొట్టి ముక్క తారుమారై ఉంటాయి. మీ అమ్మాయిని పిలిచి ఒకసారి చూపించండి, కుంకుమ ఈనెల తప్పు చూసిన కళ్ళు కదా.